వలతాడు నేర్పిన స్కీ పట్టు

చింతపల్లి బీచ్‌లో పొద్దున్నే పెద్దవల లాగుతుంటే ఒకసారి నేనూ తాడు పట్టుకున్నాను. మోచేతులు మడిచి, బలమంతా పెట్టి లాగాను. ఐదు నిమిషాలకే చేతులు చచ్చుబడ్డాయి. పక్కనున్న పెద్దాయన చూసి, "సేతులు ముడవకు బాబూ. తాడుకి ఒళ్లు ఆన్చు, కాళ్లే లాగుతాయి" అన్నాడు. ఆయన చేతులు నిటారుగా ఉన్నాయి. మడమలు ఇసుకలో దిగబడి, ఒళ్లంతా వెనక్కి వాలి ఉంది. అరచేతిలో కాయలు కాసింది కూడా మధ్యలో కాదు, వేళ్ల మొదళ్ల దగ్గర.

బోటు లాగుతుంటే నీటి మీద జారే స్కీయింగ్‌లోనూ కిటుకు ఇదే. 1922లో అమెరికాలో, మిన్నెసోటాలోని పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు 8 అడుగుల పలకలు కాళ్లకు కట్టుకుని ఈ ఆట మొదలుపెట్టాడు. ఎన్నోసార్లు మునిగాక, పలకల ముక్కులు నీటి పైకి ఎత్తి వెనక్కి వాలినప్పుడే లేచి నిలబడగలిగాడు.

ఈ ఆటలో బంతుల చుట్టూ మలుపులు తిరుగుతూ పోయే పోటీని స్లాలమ్ అంటారు. అందులో స్కీ, అంటే కాలి కింది పలక, ఒక్కటే. రెండు పాదాలూ దానిమీద ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 259 మీటర్ల దారిలో బోటు తిన్నగా పోతుంది. మధ్యగీతకు 11.5 మీటర్ల దూరంలో అటు మూడు, ఇటు మూడు బంతులు తేలుతుంటాయి. స్కీయర్ వాటిని చుట్టిరావాలి. గంటకు 58 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆట 16 సెకన్లలో అయిపోతుంది. పైగా 18.25 మీటర్ల తాడును విడతలవారీగా కురచ చేస్తూ పోతారు. అది 10.25 మీటర్లకు వచ్చాక బంతి దాకా అందదు. ఆ లోటును వాలిన ఒళ్లు, సాచిన ఒంటి చెయ్యి పూడ్చాలి. పట్టు విలువ అక్కడ తెలుస్తుంది.

తాడు చివరి అడ్డకర్రను, అంటే హ్యాండిల్‌ను, ఒక అరచెయ్యి పైకి, ఇంకోటి కిందికి ఉండేలా పట్టుకుంటారు. అప్పుడు రెండు చేతుల వేళ్లు ఎదురెదురు దిశల్లో చుట్టుకుంటాయి. హ్యాండిల్ ఎటు దొర్లబోయినా ఒక చేతి వేళ్లు బిగుస్తాయి. పైగా, అరచెయ్యి పైకి ఉన్న వైపు మోచెయ్యి పక్కటెముకలకు ఆనుకుంటుంది కాబట్టి హ్యాండిల్ నడుము దగ్గరే నిలుస్తుంది. ఏ చెయ్యి పైకి ఉండాలన్న దానిమీద శిక్షకులందరిదీ ఒకే మాట కాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం హ్యాండిల్ నడుము దగ్గర ఉండటమే. మన బరువుకు కేంద్రం ఇంచుమించు బొడ్డు కింద ఉంటుంది. తాడు 70 కిలోల బలంతో లాగుతోందనుకుందాం. హ్యాండిల్ ఆ కేంద్రానికి 30 సెంటీమీటర్లు పైన, ఛాతీ దగ్గర ఉంటే, మీటరు కర్ర చివర 21 కిలోలు వేలాడదీసినంత మెలితిప్పే బలం పుడుతుంది. అది మనిషిని ముందుకు బోర్లా పడేస్తుంది. నడుము దగ్గర పట్టుకుంటే ఆ లాగుడు నేరుగా తుంటి మీదుగా కాళ్లలోకి, అక్కడి నుంచి స్కీ అంచులోకి దిగుతుంది.

ఇక కాళ్లు. మొదట రెండు స్కీల మీద నేర్చుకునేటప్పుడు ఒక్కొక్కటీ ఎత్తి చూస్తారు. ఏ కాలి మీద నిలకడగా ఉండగలిగితే సాధారణంగా దాన్నే ముందు పెడతారు. వెనక పాదం దాని మడమను దాదాపు ఆనుకుని ఉంటుంది. భయం వేస్తే మనిషి సహజంగా వెనక కాలి మీద కూర్చుంటాడు. అప్పుడు స్కీ ముక్కు లేచి నీటిని తోస్తుంది, వేగం తగ్గుతుంది. బంతి దగ్గర ఆ తప్పు చేస్తే తాడు వదులై, మరుక్షణం ఒక్క గుంజు గుంజుతుంది. అంత జర్క్‌ను వేళ్లు ఆపలేవు. అందుకే మోకాళ్లు, చీలమండలు కొంచెం వంచి, బరువు ముందు పాదం మీదికి తెచ్చుకోవాలి.

ఇది తెలుసుకోవడానికి బోటు అక్కర్లేదు. బీచ్ పక్క జీడిమామిడి తోటలో ఒక చెట్టుకు తాడు కట్టి, చివర అడ్డకర్ర బిగించండి. పాదాలు ఒకే వరసలో పెట్టి, చేతులు చాచి పక్కకు వాలండి. కాసేపాగి పక్కకు తప్పుకుని, ఇసుకలో మీ అడుగులు చూడండి. వెనక పాదం గుంట లోతుగా ఉందా, ముందుదా?