విశాఖ స్కిన్ క్లినిక్‌లకు ఎక్సోజోమ్ ఎలా చేరింది

సిరిపురం నుంచి ద్వారకానగర్ వైపు స్కిన్ క్లినిక్‌ల బోర్డుల మీద కొన్నేళ్ల కిందటి దాకా లేజర్, పీఆర్పీ (సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) అన్న మాటలే పెద్దక్షరాల్లో ఉండేవి. ఇప్పుడు వాటి సరసన ఎక్సోజోమ్ చేరింది. ముహూర్తాల సీజన్ వస్తే పెళ్లికూతురి ప్యాకేజీలో అదొక ఐటమ్. మంగు మచ్చలకు అదే, మొటిమలు మానాక మిగిలిన గుంటలకు అదే, రాలే జుట్టుకూ అదే. ఇన్నిటికీ ఒకటే మందు అంటే మామూలుగా మనవాళ్లు నమ్మరు. పక్కన ‘స్టెమ్ సెల్’, ‘కొరియన్’ అని ఉండేసరికి మాత్రం అడగాల్సిన ప్రశ్నలు గొంతులోనే ఆగిపోతున్నాయి.

ఎక్సోజోమ్‌లంటే మన ఒంట్లోని కణాలు బయటికి వదిలే అతి చిన్న తిత్తులు. చుట్టూ పల్చటి కొవ్వు పొర, లోపల ప్రొటీన్లు, ప్రొటీన్ల తయారీకి సమాచారం మోసే ఆర్ఎన్ఏ ముక్కలు. సైజు సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). మామూలు మైక్రోస్కోపుకు చిక్కవు. 1967లో పీటర్ వోల్ఫ్ అనే శాస్త్రవేత్త రక్తంలోని ప్లేట్‌లెట్ల నుంచి రాలే ఇలాంటి నలుసులను గమనించి ‘ప్లేట్‌లెట్ దుమ్ము’ అన్నాడు. అప్పట్లో వాటికి దక్కిన గౌరవం అంతే.

అసలు కథ 1983లో మొదలైంది, అదీ గొర్రె రక్తంతో. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో రోజ్ జాన్‌స్టోన్ అనే బయోకెమిస్టు, ఇంకా పూర్తిగా తయారుకాని ఎర్ర రక్తకణాలను పరిశీలిస్తున్నారు. హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి కాబట్టి ఆ దశలో కణం ఒంటినిండా ఇనుమును పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. కణం ముదిరాక వాటితో పని ఉండదు, కనిపించకుండా పోతాయి. ఎటు పోతాయి? కణం లోపలే అరిగిపోతాయని అందరూ అనుకునేవారు. ఆవిడ బృందానికి అవి కణం బయట కనిపించాయి. కణం లోపల ఒక పెద్ద సంచి తయారై, అందులో చిన్న చిన్న తిత్తులు చేరి, ఆ సంచి కణం అంచుకు వచ్చి అతుక్కుని, తిత్తులన్నిటినీ బయటికి గుమ్మరిస్తోంది. రిసెప్టర్లు వాటి మీదే ఉన్నాయి. సరిగ్గా అదే ఏడాది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఫిలిప్ స్టాల్ బృందం కూడా ఇదే సంగతి చూసింది. 1987 నాటికి జాన్‌స్టోన్ వీటికి ఎక్సోజోమ్‌లని పేరు పెట్టారు. పేరైతే వచ్చింది కానీ, కణం చెత్త పారేసే సంచులుగానే చాలామంది వాటిని లెక్కగట్టారు. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు ఈ రంగం దాదాపు ఖాళీగానే ఉంది.

1996లో గ్రాసా రాపోసో, సహచరులు రోగనిరోధక కణాల ఎక్సోజోమ్‌లు ఇతర కణాలను పనికి పురికొల్పుతున్నాయని చూపించారు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి అసలు మలుపు వచ్చింది. ఎలుక కణాల ఎక్సోజోమ్‌లను మనిషి కణాలకు అందిస్తే, ఆ మనిషి కణాల్లో ఎలుక ప్రొటీన్లు తయారయ్యాయి. అంటే లోపలున్న ఆర్ఎన్ఏ ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరి పనిచేస్తోంది. చెత్త అనుకున్నది కబురు మోస్తోందన్నమాట.

బ్యూటీ వ్యాపారానికి దారి చూపింది మాత్రం 2010లో సింగపూర్ నుంచి వచ్చిన పరిశోధన. స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) విడిచిన ఎక్సోజోమ్‌లు ఎలుక గుండెకు జరిగే నష్టాన్ని తగ్గించాయని సై కియాంగ్ లిమ్ బృందం చూపింది. ఇక కణాలనే అమ్మాల్సిన పనిలేదు, అవి పెరిగిన ద్రవం నుంచి తిత్తులను వడకట్టి అమ్మొచ్చు. దక్షిణ కొరియా కంపెనీలు ఈ లాజిక్‌ను గట్టిగా పట్టుకున్నాయి. 2013 నోబెల్ బహుమతిని కూడా అమ్మకాల మాటల్లోకి లాగుతుంటారు. నిజానికి అది కణం లోపల తిత్తుల రవాణా ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు ఇచ్చింది. ముఖం మెరుపుతో దానికి సంబంధం లేదు.

ఇక్కడో ఇబ్బంది వచ్చింది. యూరప్ కాస్మెటిక్స్ చట్టం మనిషి కణాల నుంచి తీసిన పదార్థాలను ఒప్పుకోదు. అందుకే గులాబీ కణాల ఎక్సోజోమ్‌ల లాంటివి మార్కెట్లోకి వచ్చాయి. మొక్కలూ ఇలాంటి తిత్తులు వదులుతాయి, అది నిజమే. గొర్రె రక్తంలోనూ, స్టెమ్ సెల్స్‌లోనూ చూసిన ఫలితాలను మాత్రం గులాబీ సీసా మీద అంటించడం కుదరదు. రెండిటి పేరూ ఒకటే కాబట్టి ఆ పరిశోధనంతా వాడేసుకుంటున్నారు.

ఇంకో ఇబ్బంది చర్మమే. 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే యూనిట్) కంటే బరువైన అణువులు మామూలు చర్మం పై పొరను దాటడం కష్టమని 2000లో వచ్చిన ఒక పేరున్న వ్యాసం లెక్కగట్టింది. ఎక్సోజోమ్ అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇంట్లో రాసుకునే సీరమ్ అద్భుతాలు చేస్తుందని నాకైతే నమ్మకం లేదు. క్లినిక్‌లో సూది ఎందుకు వస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. ముఖానికి నంబింగ్ క్రీమ్ (మొద్దుబార్చే పూత) రాసి కూర్చోబెడతారు. ఒక చిన్న సీసాలో తెల్లటి పొడి, ఇంకో దాంట్లో ద్రవం. రెండూ కలిపి, సన్నటి సూదులున్న పెన్ను చర్మం మీద నడుపుతూ ఆ ద్రవాన్ని పూస్తారు. కాస్మెటిక్‌గా, పైపూతకు మాత్రమే అని అమ్మే సరుకు కూడా ఈ దారిన రంధ్రాల గుండా లోపలికి పోతోంది. నా దృష్టిలో గొడవంతా ఈ ఒక్క చోటే ఉంది. చర్మం మీద ఉండిపోయే క్రీములో మలినం ఉంటే దద్దురుతో పోవచ్చు, రక్తం కనిపించే చోట అయితే ఇన్ఫెక్షన్ దాకా వెళ్తుంది. 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రజలను హెచ్చరించింది. నెబ్రాస్కాలో అనుమతి లేని ఎక్సోజోమ్ ఉత్పత్తులు వాడినవారికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయన్న ఫిర్యాదులే దానికి కారణం.

ఫలితాలు అసలే లేవని కాదు. 2020లో కొరియాలో 25 మంది మొటిమల గుంటలకు లేజర్ చేసి, ముఖంలో ఒక పక్క ఎక్సోజోమ్ జెల్, రెండో పక్క మామూలు జెల్ రాశారు. గుంటల తీవ్రతను కొలిచే స్కోరు మొదటి పక్క 32.5 శాతం, రెండో పక్క 19.9 శాతం తగ్గింది. తేడా ఉంది. కానీ 25 మందే, పైగా ఎక్సోజోమ్ లేని పక్క కూడా లేజర్ పుణ్యాన దాదాపు 20 శాతం బాగుపడింది. సూదుల పెన్ను కూడా అంతే, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ ప్రొటీన్‌ను తనంతట తానే పెంచుతుంది. అందుకే క్లినిక్‌లో చూపే ‘ముందు, తర్వాత’ ఫొటోల్లో ఏది దేని ఘనతో విడదీయలేం.

పెట్టె మీది ‘ఇన్ని వందల కోట్ల ఎక్సోజోమ్‌లు’ అన్న అంకె కూడా అలాంటిదే. లెక్కపెట్టే యంత్రాలు ఆ సైజులో ఉన్న ప్రతి నలుసునూ లెక్కేస్తాయి, ప్రొటీన్ ముద్దలతో సహా.

మన దగ్గర 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, విదేశాల నుంచి తెచ్చే కాస్మెటిక్‌కు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు, రిజిస్ట్రేషన్ ఉన్నవారి పేరు, చిరునామా లేబుల్ మీద ఉండాలి. నంబింగ్ క్రీమ్ రాయకముందే పెట్టె చేతికిమ్మని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మనిషి కణాలదా, మొక్కదా, పైపూతకేనా, ఇవి దాని మీదే చూసుకోవచ్చు. మంగు ఉన్నవారికి ఇంకో సంగతి: మన చాయ చర్మం సూది పడ్డ చోట నల్లబడే అవకాశం ఎక్కువ. పైగా బీచ్ రోడ్డు ఎండ మామూలుది కాదు. చేయించుకున్నాక కొన్నాళ్లు సన్‌స్క్రీన్ లేకుండా ఆ ఎండలో తిరిగితే ఉన్న మచ్చే ముదురుతుంది.