లాంగ్ జంప్ పతకాలు: అపోహలు - వాస్తవాలు

లాంగ్ జంపర్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. అంతర్జాతీయ పోటీలు చూసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి.

అపోహ: ఒక్క పెద్ద జంప్ పడితే చాలు.
వాస్తవం: 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన మురళీ శ్రీశంకర్, బహామాస్ జంపర్ లకాన్ నెయిర్న్ ఇద్దరూ 8.08 మీటర్లే దూకారు. దూరాలు సమానమైతే రెండో మెరుగైన జంప్ చూస్తారు. నెయిర్న్‌ది 7.98, శ్రీశంకర్‌ది 7.84. స్వర్ణం అటు వెళ్లింది. అంతకు ముందు ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లోనూ 8.41 దగ్గర ఇదే జరిగింది.

అపోహ: ఫౌల్ (బోర్డు చివరి గీత దాటి కాలు వేయడం) అంటే అజాగ్రత్త.
వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. దాదాపు 40 మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తి 20 సెంటీమీటర్ల వెడల్పున్న బోర్డు మీద కాలు వేసి ఎగరాలి. కొత్త స్టేడియంలో అడుగుపెట్టగానే మేం చేసే మొదటి పని టేపుతో రనప్ (పరుగు దూరం) కొలిచి, పరుగు మొదలుపెట్టే చోట పక్కన గుర్తు పెట్టుకోవడం. ఎదురుగాలి వీస్తే అంగలు కురచవుతాయి, గుర్తును బోర్డు వైపు జరపాలి. వెనకగాలి వీస్తే వెనక్కి. ఇదంతా తన వంతు వచ్చేలోపే తేల్చుకోవాలి. భయపడి 15 సెంటీమీటర్లు ముందే కాలు వేస్తే ఆ 15 పోయినట్టే, ఎందుకంటే కొలత ఎప్పుడూ బోర్డు చివరి గీత నుంచే. అటు ఇసుకలో బోర్డుకు దగ్గరగా పడ్డ గుర్తే లెక్క. దిగాక చెయ్యి వెనక్కి ఆనిందా, అక్కడి నుంచే కొలుస్తారు.

అపోహ: ఎంత ఎత్తుకు ఎగిరితే అంత దూరం.
వాస్తవం: విసిరిన వస్తువు 45 డిగ్రీల్లో లేస్తే ఎక్కువ దూరం పోతుందని బడిలో చెప్పింది ఇక్కడ కుదరదు. అంత పైకి లేవాలంటే పరుగు వేగాన్ని చంపుకోవాలి. మేటి జంపర్లు 20 డిగ్రీలకు అటూ ఇటూగా లేస్తారు.

అపోహ: వెనకగాలి వేగం సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ జంప్ చెల్లదు.
వాస్తవం: రికార్డుకు చెల్లదు, పతకానికి చెల్లుతుంది. 1991 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కార్ల్ లూయిస్ అలాంటి గాలిలోనే 8.91 దూకి రజతం గెలిచాడు. మైక్ పావెల్ 8.95తో ప్రపంచ రికార్డు పెట్టింది ఆ పోటీలోనే.

అపోహ: కెరీర్‌లో అతి పెద్ద జంపే పతకం తెస్తుంది.
వాస్తవం: అంజు బాబీ జార్జ్ 2003 పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 6.70తో కాంస్యం గెలిచింది. మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 6.83 దూకి జాతీయ రికార్డు పెట్టినా ఆరో స్థానమే దక్కింది. తన కంటే ముందున్న అమెరికా జంపర్ మరియన్ జోన్స్ ఫలితాన్ని డోపింగ్ కారణంగా రద్దు చేశాక, కొన్నేళ్లకు అది అయిదో స్థానమైంది.