అనంతపురం చేలల్లో వేరు చుట్టూ మట్టి: అపోహలు - వాస్తవాలు

చెనక్కాయ (వేరుశనగ) చేలూ చీనీ (బత్తాయి) తోటలూ తిరిగి మట్టి నమూనాలు తీయడం నా పని. రైతుల దగ్గర తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: కాలుష్యం ఫ్యాక్టరీల దగ్గర ఉంటుంది, మా చేలో ఏముంది సార్?

వాస్తవం: చీనీకి బంక తెగులు వస్తే మొదలుకు బోర్డో పేస్టు పూస్తాం. ఆకుల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతాం. రెండింటిలోనూ ఉన్నది రాగే. చాలా పురుగుమందులు కొన్నాళ్లకు విరిగిపోతాయి. రాగి లోహం కదా, విరగదు. ఏటేటా పైమట్టిలోనే పేరుకుంటుంది. చీనీ వేర్లకు నూగు తక్కువ, భాస్వరం అందుకోవడానికి మైకోరైజా అనే మేలుచేసే బూజు సాయం కావాలి. రాగికి మంచి బూజు, చెడ్డ బూజు అన్న తేడా ఏం తెలుసు! నల్లరేగడి అయితే రాగిని కొంత పట్టి ఉంచుతుంది. మన ఎర్ర ఇసుక నేలల్లో బంకమన్నూ తక్కువే, సేంద్రియ పదార్థమూ తక్కువే, కాబట్టి దెబ్బ తొందరగా తగులుతుంది. పేస్టు మానేయమని మాత్రం చెప్పను, చెట్టే పోతుంది. పూయాల్సింది మొదలుకు. మిగిలింది పాదులో కుమ్మరించడం చాలా తోటల్లో చూశాను, అది మానండి.

అపోహ: సాయిల్ హెల్త్ కార్డులో అన్నీ సరిపోయినాయి అని రాసినారు.

వాస్తవం: మట్టి పరీక్ష చేసి ప్రభుత్వం ఇచ్చే ఈ కార్డులో ఉండేవి 12 అంశాలు. రాగీ ఉంది, కానీ అది పైరుకు చాలుతుందా లేదా అని చూడటానికి. సూక్ష్మజీవుల లెక్క అందులో లేదు.

అపోహ: వానకు మట్టి వాసన వస్తోందంటే నేల బతికే ఉంది.

వాస్తవం: ఆ వాసన ఒక రకం బ్యాక్టీరియాది. మీకు కావాల్సింది రైజోబియం, అంటే చెనక్కాయ వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టి పైరుకిచ్చే బ్యాక్టీరియా. అది ఉందో లేదో ఈ వాసన చెప్పదు. పైగా ఉన్నంత మాత్రాన పని చేస్తుందనీ లేదు. ఇంగ్లండ్‌లోని వోబర్న్ ప్రయోగ క్షేత్రంలో 1942 నుంచి 1961 వరకు లోహాలున్న మురుగు మడ్డి వేశారు. ఆపిన 20 ఏళ్ల తర్వాత చూస్తే క్లోవర్ గడ్డి వేర్లకు బుడిపెలు ఉన్నాయి, నత్రజని మాత్రం పట్టడం లేదు. పని చేసే రకాలు పోయి, ఒట్టి తిండికుండేవి మిగిలాయి!

మీ చేలో చూసుకోవడం సులువే. విత్తిన 45 రోజులకు నాలుగు చోట్ల చెనక్కాయ చెట్టును పారతో తవ్వి తీయండి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి. బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ ఎరుపు ఉంటే పని జరుగుతోంది, తెల్లగానో పచ్చగానో ఉంటే లేదు. తప్పంతా కాలుష్యానిదే అనుకోకండి, యూరియా ఎక్కువ పడినా బుడిపెలు తగ్గుతాయి.

అపోహ: రైజోబియం ప్యాకెట్ కలిపితే సరిపోతుంది.

వాస్తవం: చెడిన మట్టిలోకి కొత్తగా వచ్చిందీ నిలవదు. విత్తనశుద్ధిలో మనమే చంపేయడమూ ఉంది. తెగులు మందు ముందు, పురుగుమందు తర్వాత, రైజోబియం అన్నిటికన్నా చివర. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. మధ్యాహ్నం ఎండలో బండి ట్యాంకు కవర్లో పెట్టుకుని తెచ్చిన ప్యాకెట్ కన్నా, చేలో రెండు రాత్రులు గొర్రెల మంద కట్టించి ఎరువు పడనిస్తే నయం.