పిల్లాడు ఇల్లు మారాడు, కోర్టు ఆర్డరు మారలేదు

డాలస్ శివార్లలో ఒక తెలుగు ఇల్లు అనుకుందాం. అమ్మానాన్నలు విడిపోయి నాలుగేళ్లయింది. పదిహేనేళ్ల కొడుకు అమ్మ దగ్గర ఉంటున్నాడు, నాన్న నెలనెలా చైల్డ్ సపోర్ట్ (బిడ్డ ఖర్చులకు కోర్టు కట్టమన్న డబ్బు) కడుతున్నాడు. ఆగస్టులో బళ్లు తెరిచే ముందు పిల్లాడు "ఇక నుంచి డాడీ దగ్గరుంటా" అన్నాడు. గొడవేమీ జరగలేదు. అమ్మ ఒప్పుకుంది. బట్టలు, ల్యాప్‌టాప్ కారెక్కాయి. "ఇంక డబ్బులు పంపక్కర్లేదులే" అని వాట్సాప్‌లో ఆమే ఒక ముక్క పెట్టింది. ఆయన కట్టడం మానేశాడు. బాకీ మాత్రం కోర్టు ఆర్డరు ప్రకారం వచ్చే నెల నుంచి పెరుగుతూనే ఉంటుంది.

ఇది అన్యాయంగా కనిపిస్తుంది. కానీ ఈ చట్టం పుట్టింది ఈ నాన్న కోసం కాదు, పెళ్లాం పిల్లల్ని వదిలేసి అయిపు లేకుండా పోయిన ఇంకో నాన్న కోసం.

1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం కింద ఆసరా లేని పిల్లలకు సర్కారు సాయం మొదలైంది. అప్పట్లో అందరి మనసులో ఉన్నది వితంతువులు. తర్వాతి దశాబ్దాల్లో సాయం కోరే తల్లుల్లో విడాకులైనవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, పెళ్లికానివాళ్లు బాగా పెరిగారు. తండ్రి కట్టాల్సిన డబ్బు ఖజానా ఎందుకు కట్టాలన్న ప్రశ్న లేచింది. లూసియానా సెనేటర్ రసెల్ లాంగ్ పట్టుబట్టి తెచ్చిన చట్టం మీద 1975 జనవరి 4న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టాడు. కుటుంబ వ్యవహారాల్లో కేంద్రం మరీ లోతుగా వేలు పెడుతోందని గొణుక్కుంటూనే పెట్టాడు. తండ్రి ఎక్కడున్నాడో వెతికి పట్టుకునే ఏర్పాటు దాంతోనే వచ్చింది.

ఎంత కట్టాలన్నది మాత్రం చాలాకాలం జడ్జి ఇష్టం. 1984 చట్టం రాష్ట్రాలన్నీ లెక్కల పట్టిక తయారు చేసుకోవాలంది. 1988 చట్టం ఆ పట్టికనే ప్రామాణికం చేసింది, దాన్ని దాటాలంటే జడ్జి కారణం రాయాలి. విస్కాన్సిన్‌లో ఒక బిడ్డకు స్థూల ఆదాయంలో 17 శాతం, టెక్సస్‌లో నికర ఆదాయంలో 20 శాతం. ఎక్కువ రాష్ట్రాలు ఇద్దరి ఆదాయాలూ కలిపి వాటాలు తీస్తాయి. ఏ లెక్కయినా బిడ్డ ఎవరింట్లో ఎన్ని రోజులుంటుందో ముందే తేలిందన్న నమ్మకం మీదే నడుస్తుంది.

అసలు మెలిక 1986లో పడింది. అప్పటిదాకా జరిగిన తంతు ఇదీ: తండ్రి ఏళ్ల తరబడి కట్టడు, బాకీ కొండలా పేరుకుంటుంది, చివరికి దొరికాక కోర్టులో దీనంగా నిలబడతాడు, జడ్జి సగమో ముప్పాతికో కొట్టేస్తాడు. ఎగ్గొట్టడమే లాభసాటి. దీన్ని ఆపడానికి న్యూజెర్సీ సెనేటర్ బిల్ బ్రాడ్లీ పేరుతో ఒక సవరణ వచ్చింది. బాస్కెట్‌బాల్ అభిమానులకు న్యూయార్క్ నిక్స్ ఆటగాడిగా గుర్తుండే బ్రాడ్లీయే ఈయన. ఆ సవరణ ప్రకారం ప్రతి నెల వాయిదా గడువు దాటగానే దానంతటదే కోర్టు తీర్పుతో సమానం. గడిచిపోయిన నెలల బాకీని ఏ జడ్జీ వెనక్కి వెళ్లి తగ్గించకూడదు. తగ్గించగలిగేది మార్పు కోరుతూ పిటిషన్ వేసి, ఆ సంగతి రెండో పక్షానికి నోటీసుగా అందిన రోజు నుంచి మాత్రమే.

ఎగవేతదారుకు వేసిన తాళం గట్టిదే, అది అవసరమే. అయితే ఆ తాళానికి పదిహేనేళ్ల పిల్లాడి సూట్‌కేసు కనిపించదు. నెలకు 1,200 డాలర్లు కట్టాల్సిన మనిషి "వాడు నా దగ్గరే ఉన్నాడుగా" అని ఆపేశాడనుకోండి. ఆరు నెలలకు 7,200 డాలర్లు, పైన వడ్డీ. బాకీ 2,500 డాలర్లు దాటిందని చైల్డ్ సపోర్ట్ వసూలు చూసే ప్రభుత్వ ఏజెన్సీ నమోదు చేస్తే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వరు, రెన్యువల్ చెయ్యరు. సంక్రాంతికి ఊరెళ్దామని దరఖాస్తు పెట్టినప్పుడు గానీ కొందరికి ఈ సంగతి తెలియదు.

పిల్లల మాటకు విలువ వచ్చిన చరిత్ర వేరే దారిలో నడిచింది. పాత ఇంగ్లిష్ న్యాయంలో బిడ్డ తండ్రి సొత్తు. 1839లో ఇంగ్లండ్ చట్టం ఏడేళ్లలోపు పిల్లల్ని తల్లికి అప్పగించే వీలు కల్పించాక గాలి తల్లివైపు తిరిగింది. 1970లో అమెరికా రాష్ట్రాల కోసం రాసిన నమూనా విడాకుల చట్టంలో బిడ్డ కోరిక కూడా జడ్జి చూడాల్సిన అంశాల్లో చేరింది. ఇప్పుడు జార్జియాలో 14 నిండినవాళ్లు ఎవరి దగ్గరుంటారో ఎంచుకోవచ్చు, అది బిడ్డకు మంచిది కాదని జడ్జికి తోస్తే తప్ప ఆ మాటే చెల్లుతుంది. కాలిఫోర్నియాలో 2012 నుంచి 14 దాటినవాళ్లు అడిగితే సాధారణంగా కోర్టు వాళ్ల మాట వినాలి. టెక్సస్‌లో పన్నెండేళ్లవాళ్లు తమ ఎంపిక రాసి కోర్టులో దాఖలు చేసే పద్ధతి 2009 దాకా ఉండేది. కాగితం మీద సంతకం పెట్టమని పిల్లల్ని అటూ ఇటూ పీకడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. దాన్ని తీసేసి, జడ్జి తన గదిలో విడిగా మాట్లాడే పద్ధతినే ఉంచారు.

ఇలా కస్టడీ చట్టం బిడ్డ మాట వినడం నేర్చుకుంటుంటే, డబ్బు చట్టం ఎవరి మాటా వినకుండా బిగుసుకుంది. రెండూ కలిసే చోటు ఒక్క పిటిషనే.

మనవాళ్లు మరీ తొందరగా బోల్తా పడటానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. మన దగ్గర మనోవర్తి అంటే నలుగురు పెద్దలు కూర్చుని తేల్చుకునే వ్యవహారమన్న అలవాటు ఇంకా పోలేదు. ఇండియాలోనూ మనోవర్తి ఎంతన్నది మార్చాలంటే కోర్టుకే వెళ్లాలి. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 127 సెక్షన్, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 146 సెక్షన్ చెప్పేది అదే. తేడా బాకీ దగ్గర ఉంది. ఇండియాలో ఆ బాకీకి వారంటు కావాలంటే గడువు తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చెయ్యాలి. అమెరికాలో బ్రాడ్లీ సవరణ కింద గడిచిన నెలల బాకీని జడ్జి కూడా మాఫీ చెయ్యలేడు, బిడ్డ పెద్దవాడైనా పాత బాకీ నిలిచే ఉంటుంది.

టెక్సస్ కొంత కనికరం చూపింది. తల్లి తనంతట తానుగా బిడ్డను కనీసం ఆరు నెలలు తండ్రి దగ్గర ఉంచితే, సపోర్ట్ మార్చడానికి అదొక కారణంగా చట్టంలోనే రాసుకుంది. బాకీ వసూలుకు కేసు వేస్తే, ఆ నెలల్లో బిడ్డను తానే సాకానని, అందుకు తల్లి ఒప్పుకుందని తండ్రి రుజువుతో వాదించుకోవచ్చు. స్కూలు రికార్డులు, డాక్టరు బిల్లులు, ఆ వాట్సాప్ ముక్క అప్పుడు పనికొస్తాయి. కానీ అది కేసు పడ్డాక చెప్పుకునే వాదన, బాకీని ముందే ఆపే ఆర్డరు కాదు. పైగా తండ్రి కట్టడం ఆగినా, ఇప్పుడు తల్లి కట్టాల్సింది దానంతటది మొదలవదు. దానికీ ఆర్డరు కావాలి.

ఇద్దరూ ఒప్పుకుంటే ఒప్పందపు ఆర్డరు రాయించి జడ్జి సంతకం తీసుకోవడం పెద్ద కష్టమేం కాదు. అప్పుడు కూడా ఒక పని మిగులుతుంది. జీతంలోంచి కోత పెట్టమని గతంలో కంపెనీకి వెళ్లిన నోటీసును రద్దు చేస్తూ ఇంకో నోటీసు పంపాలి. అది అందేదాకా పేరోల్ వాళ్లు పాత మొత్తాన్నే కోసి, పాత చిరునామాకే పంపుతుంటారు.