క్రాసోవర్: రాగి కాయిల్ నుంచి అరచేతి కంప్యూటర్ దాకా

కర్నూలులోనో కడపలోనో పెళ్లిళ్లకు అద్దెకు తిరిగే పాత స్పీకర్ పెట్టె వెనక మూత విప్పి చూడండి. దుమ్ము దులిపితే చిన్న ప్లైవుడ్ చెక్క మీద రాగి కాయిల్ ఒకటి, రెండు మూడు కండెన్సర్లు, వేడికి గోధుమరంగు తిరిగిన సిమెంటు రెసిస్టరు కనిపిస్తాయి. అదే క్రాసోవర్. ఆంప్లిఫయర్ పంపిన పాటలో డప్పు దెబ్బను వూఫర్‌కు, తాళాల గలగలను హారన్‌కు పంచిపెట్టడం దాని పని. సొంతంగా పెట్టెలు కట్టుకునేవాళ్లు కొందరు ఇప్పుడు ఆ చెక్కను పీకేసి, పంపకాన్ని ఏటీఎం కార్డంత కంప్యూటర్‌కు అప్పగిస్తున్నారు. ఈ పంపకం మొదట ఆంప్లిఫయర్ తర్వాత జరిగేది. తర్వాత ఆంప్లిఫయర్ ముందుకు వచ్చింది. ఆపైన అంకెల్లోకి దిగింది. జరిగిన ప్రతిసారీ ఒక తలనొప్పి పోయి దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఇప్పటి తలనొప్పి అర్థం కావాలంటే పాతవాటిని ఓసారి తిరగేయాలి.

సురభి నాటకం కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టినప్పుడు నటుడి గొంతే మైకు. ఇవాళ మనం వాడే కాయిల్, కోను ఉన్న స్పీకర్‌ను రైస్, కెలాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు 1925లో లోకానికి చూపించారు. ఒక్క కోనుతో అన్ని శ్రుతులూ పలికించడం కుదరదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2,000 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు 17 సెంటీమీటర్లే. 12 అంగుళాల కోను దానికంటే పెద్దది కాబట్టి అక్కడినుంచి పైకి శబ్దం టార్చిలైటు వెలుగులా సూటిగా ముందుకే పోతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు స, ష, త స్పష్టంగా వినిపిస్తాయి. పక్క వరుసలో ఉన్నవాళ్లకు మాట ముద్దవుతుంది. గుడి మీదో మసీదు మీదో కట్టే బాకాకు ఈ బాధ లేదు. అది కింది శ్రుతులను అసలు పట్టించుకోదు, ఉన్నది ఒక్కటే డ్రైవర్, పంచేదేమీ లేదు. పాట దానిలో పీలగా ఉన్నా మాట మాత్రం ఊరి చివరిదాకా తెలిసేది అందుకే.

పంచక తప్పని పరిస్థితి టాకీలతో వచ్చింది. 1930లలో అమెరికన్ సినిమా హాళ్లలో కింది శ్రుతులకు మడతపెట్టిన పెద్ద హారన్, పై శ్రుతులకు చిన్న హారన్ పెట్టారు. పెద్దదాని లోపల ధ్వని నడిచే దారి చిన్నదాని కంటే దాదాపు 8 అడుగులు ఎక్కువ. ధ్వని 8 అడుగులు నడవడానికి 7 మిల్లీసెకండ్లు పడుతుంది. సంగీతంలో అది కలిసిపోయింది కానీ హాలీవుడ్ నర్తకి ఎలినార్ పవెల్ నాట్యంలో కాలి దరువు ఒక్కసారి పడితే రెండుసార్లు వినిపించింది. ఎం.జి.ఎం. స్టూడియోలో డగ్లస్ షియరర్, జాన్ హిల్లియర్డ్ బృందం బాస్ హారన్‌ను పొట్టి చేసి, రెండు డ్రైవర్లనూ వరుసకు తెచ్చి, 375 హెర్ట్జ్ దగ్గర హద్దు గీసింది. ఆ హారన్‌కు అకాడమీ సాంకేతిక పురస్కారం వచ్చింది. ఆ దరువును గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

అక్కడినుంచి నలభై ఏళ్లు రాగి, కండెన్సర్లదే రాజ్యం. 8 ఓమ్‌ల వూఫర్‌కు 500 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ రెట్టింపైన ప్రతిసారీ) 12 డెసిబెళ్ల వాలుతో హద్దు గీయాలంటే లెక్క ప్రకారం 3.6 మిల్లీహెన్రీల కాయిల్, 28 మైక్రోఫారడ్ల కండెన్సర్ కావాలి. హద్దును 3,000కు జరిపితే 0.6 మిల్లీహెన్రీ, 4.7 మైక్రోఫారడ్‌లతో పనైపోతుంది. హద్దు ఎంత కిందికి దిగితే రాగి అంత బరువు, ఖర్చూ అంతే. రాగి మిగిలించడానికి కాయిల్ మధ్యలో ఇనుము పెడితే, వాల్యూం పెంచినప్పుడు ఇనుము అయస్కాంతత్వంతో నిండిపోయి బాస్ చిట్లుతుంది.

అసలు మోసం ఆ 8 అనే అంకెలో ఉంది. అది లేబుల్ మీది మాట. వూఫర్ తన సహజ కంపనం దగ్గర 30 ఓమ్‌లు కూడా దాటుతుంది, పై శ్రుతుల్లో మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి సూత్రం చెప్పిన చోట హద్దు పడదు. పైగా రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. కోనును ఆడించే వాయిస్ కాయిల్ 150 డిగ్రీలు వేడెక్కితే 6 ఓమ్‌లది తొమ్మిదిన్నర అవుతుంది, హద్దు మళ్లీ కదులుతుంది. సాయంత్రం ఏడుకు విన్న పెట్టె, రాత్రి పదకొండుకు విన్న పెట్టె ఒకటి కావు. రాత్రి పది దాటితే బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఆ లెక్కన వాయిస్ కాయిళ్లకూ మేలే చేశాయి.

దీనికి విరుగుడు పంపకాన్ని ఆంప్లిఫయర్ ముందుకు తేవడం. వూఫర్‌కో ఆంప్, హారన్‌కో ఆంప్. మధ్యలో కాయిల్ ఉండదు, స్పీకర్ వేడెక్కినా హద్దు జరగదు. 1976లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీరు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, సహోద్యోగి రస్ రైలీతో కలిసి చేసిన పనిని ప్రకటించాడు. బటర్‌వర్త్ 1930లో ఇచ్చిన రెండో తరగతి ఫిల్టర్లు రెండింటిని ఒకదాని వెనక ఒకటి పెట్టడమే కిటుకు. వాలు 24 డెసిబెళ్లు అవుతుంది. హద్దు దగ్గర రెండు డ్రైవర్లూ 6 డెసిబెళ్లు తగ్గుతాయి, అంటే సగం ఒత్తిడి. ఇద్దరూ ఒకే అడుగులో నడుస్తారు కాబట్టి సగం, సగం కలిసి నిండు ఒకటి. ఇవాళ ఏ ప్రాసెసర్ తెరిచినా ఎల్.ఆర్.24 అని కనిపించేది ఇదే. దీన్ని ఆప్‌ఆంప్ అనే చిన్న ఆంప్లిఫయర్ చిప్పులతో కట్టుకోవచ్చు కానీ హద్దు మార్చాలంటే ప్రతి ఫిల్టర్‌లో నాలుగు రెసిస్టర్లు పీకి మార్చాలి. ఆలస్యం కలపడం ఆప్‌ఆంప్‌లతో ఇంకా కష్టం. షియరర్ చేసినట్టు హారన్‌నే చేత్తో వెనక్కి జరపాలి.

ఈ రెండు పనులూ అంకెలకు మంచినీళ్లు తాగినంత సులువు. అలా డీఎస్పీ, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చింది. (పోలీసాయనా కాదు, సంగీత దర్శకుడూ కాదు.) 2000ల మొదట్లో చవక డిజిటల్ ప్రాసెసర్లు సౌండ్ వాళ్ల ర్యాకుల్లోకి చేరాయి. అదే రోజుల్లో ఆండర్స్ టోర్గర్ రాసిన బ్రూట్‌ఎఫ్‌ఐఆర్ ప్రోగ్రాం లినక్స్ కంప్యూటర్‌ను క్రాసోవర్‌గా మార్చింది. కాకపోతే హాల్లో పాట వింటుంటే పక్కనే డెస్క్‌టాప్ ఫ్యాను గుర్రుమనేది. 2012 ఫిబ్రవరి 29న ఏటీఎం కార్డంత 35 డాలర్ల కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై రావడంతో ఫ్యాను గోల పోయింది, ఇంకో గోల మొదలైంది. ఆ తొలి బోర్డుల్లో నెట్‌వర్కు, యూఎస్‌బీ రెండూ ఒకే దారి పంచుకునేవి. పాట నెట్ మీద వచ్చి యూఎస్‌బీ సౌండ్ కార్డుకు పోతుంటే మధ్యమధ్య చిటపటలు. 2019 నాటి నాలుగో తరం బోర్డులో ఆ ఇరుకు తొలగింది. 2020లో హెన్రిక్ ఎన్‌క్విస్ట్ రస్ట్ భాషలో రాసిన కామిల్లాడీఎస్పీ అనే క్రాసోవర్ ప్రోగ్రాం వచ్చాక ఎక్కువమంది దానికే మళ్లారు.

లెక్కల భారం గురించి భయపడేవాళ్లు ఒక్కసారి గుణించి చూడాలి. స్టీరియోకు రెండేసి డ్రైవర్లంటే నాలుగు ఛానళ్లు. ఛానల్‌కు రెండు చొప్పున ఎనిమిది బైక్వాడ్ (అంకెల్లో చేసే రెండో తరగతి) ఫిల్టర్లు, ఒక్కోదానికి శాంపిల్‌కు (శబ్దాన్ని కొలిచిన ఒక్కో అంకెకు) ఐదు గుణకారాలు. సెకనుకు 48,000 శాంపిళ్లయితే మొత్తం 19.2 లక్షల గుణకారాలు. సెకనుకు వంద కోట్ల పైచిలుకు టిక్కులు కొట్టే ప్రాసెసర్‌కు ఇది కునుకు తీస్తూ చేసే పని. ప్రతిసారీ వెనకటి 4,096 శాంపిళ్లను గుణించి కూడే ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్లు వాడితే నేరుగా 78 కోట్ల పైన పడుతుంది కానీ, 1965లో కూలీ, ట్యూకీ చూపిన వేగవంతమైన ఫూరియర్ పద్ధతితో అది కూడా బోర్డుకు లొంగే పనే. లెక్క ఎప్పుడో తీరింది. మిగిలిన చిక్కంతా తీగల దగ్గర, గడియారాల దగ్గర ఉంది.

పద్ధతి ఇలా ఉంటుంది. పాట వాయించే ప్రోగ్రాం ధ్వనిని నేరుగా సౌండ్ కార్డుకు పంపదు, లినక్స్‌లోని లూప్‌బ్యాక్ అనే ఉత్తుత్తి కార్డుకు పంపుతుంది. కామిల్లాడీఎస్పీ అక్కడినుంచి రెండు ఛానళ్లు తీసుకుని, నాలుగు చేసి, ఫిల్టర్, ఆలస్యం, స్థాయి కలిపి అసలు కార్డుకు ఇస్తుంది. సెట్టింగుల ఫైల్లో వరుసల జరుపుకు స్పేస్‌లే వాడాలి, ట్యాబ్ నొక్కితే చదవనంటుంది. కొత్తవాళ్ల మొదటి సాయంత్రం సాధారణంగా దీనికే ఖర్చవుతుంది.

నాలుగో తరం దాకా బోర్డు మీదున్న 3.5 మిల్లీమీటర్ల జాక్ ఈ పనికి పనికిరాదు, శబ్దంలో ఇసుక వినిపిస్తుంది. పిన్నుల మీద కూర్చుని అంకెలను శబ్దంగా మార్చే డాక్ కార్డులు బాగుంటాయి కానీ నాలుగో తరం దాకా బోర్డు అక్కడ ఇచ్చేది రెండు ఛానళ్లే. 2023లో వచ్చిన ఐదో తరం బోర్డు ఆ పిన్నుల మీదే ఎనిమిది దాకా ఇవ్వగలదు. మిగతావాటికి నాలుగు అవుట్‌పుట్లున్న యూఎస్‌బీ కార్డు కొనాలి.

ఇక్కడే చాలామంది డబ్బులు మిగిలించబోయి బోల్తా పడతారు. రెండు వందల రూపాయల యూఎస్‌బీ డాంగిళ్లు రెండు తెచ్చి, ఒకటి వూఫర్లకు, ఒకటి హారన్లకు తగిలిస్తారు. మొదట బ్రహ్మాండంగా మోగుతుంది. కానీ ఒక్కో డాంగిల్‌లో ఒక్కో క్రిస్టల్ ఉంటుంది, రెండూ 48,000 అన్నా రెండు 48,000లూ ఒకటి కావు. తేడా పది లక్షలకు 50 అనుకుందాం. సెకనుకు 2.4 శాంపిళ్లు జారతాయి, నిమిషానికి 144. అంటే 3 మిల్లీసెకండ్లు. దూరంలో చెప్తే నిమిషానికి హారన్ ఒక మీటరు వెనక్కి నడిచినట్టు. రెండున్నర నిమిషాలకు ఎలినార్ పవెల్ కాలి దరువు మన ఇంట్లో రెండుసార్లు వినిపిస్తుంది. నాలుగు ఛానళ్లూ ఒకే కార్డులో, ఒకే క్రిస్టల్ కింద ఉండాలనేది అందుకే.

ఒకే కార్డున్నా, పాట బయటినుంచి వేరే పరికరం ద్వారా లోపలికి వస్తుంటే మళ్లీ రెండు గడియారాలు. అదే 50 తేడాకు 1,024 శాంపిళ్ల నిల్వ ఏడు నిమిషాల్లో ఖాళీ అవుతుంది, అప్పుడొక టక్ మనే చప్పుడు. ప్రతి ఏడు నిమిషాలకూ కచ్చితంగా చప్పుడొస్తుంటే తీగలు, ప్లగ్గులు మార్చడం దండగ. కామిల్లాడీఎస్పీలో రేటు సర్దుబాటు ఆన్ చేసి, రెండు గడియారాల తేడాను ఎప్పటికప్పుడు సరిచేసే అసింక్రనస్ రీశాంపులర్ పెట్టాలి.

హద్దు దగ్గర రెండు డ్రైవర్లను కలపడానికి పాత చిట్కా ఇప్పటికీ మంచిదే. కొలిచే మైకును వినేచోట పెట్టి, హారన్ ధ్రువాన్ని తిరగేయండి. హద్దు దగ్గర గ్రాఫులో గుంట పడుతుంది. ముందున్న డ్రైవర్‌కు ఆలస్యం కొంచెం కొంచెం పెంచుతూ గుంట అన్నిటికంటే లోతుగా పడ్డచోట ఆపి, ధ్రువాన్ని యథాస్థానానికి తేవాలి. 10 సెంటీమీటర్ల తేడాకు 0.29 మిల్లీసెకండు, అంటే 14 శాంపిళ్లు. అనంతపురం ఎండల్లో 42 డిగ్రీలకు ధ్వని నాలుగు శాతం వేగంగా పోతుంది కదా అని అడగొచ్చు. 10 సెంటీమీటర్లకు ఆ తేడా అర శాంపిలే, వదిలేయండి. 30 మీటర్ల దూరాన వెనక వరుసలకు పెట్టే ఆలస్యం స్పీకర్లలో మాత్రం 3 మిల్లీసెకండ్లకు పైనే వస్తుంది. చల్లటి వేళ కొలిచిన అంకెను ఏప్రిల్ మధ్యాహ్నం నమ్మకూడదు.

కాయిల్ పోయిందంటే హారన్‌కు అడ్డూ పోయినట్టే. కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే ఒక్క 'ఠప్'కు డ్రైవర్ డయాఫ్రం చిరిగిపోవచ్చు. ప్రోగ్రాం లేవకముందే ఇంకేదైనా అదే కార్డును పట్టుకుంటే పాటలోని బాసంతా హారన్ మీద పడుతుంది. అందుకే 8 ఓమ్‌ల హారన్‌కు వరుసలో 20 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కండెన్సర్ ఒకటి ఉంచాలి, అది 1,000 హెర్ట్జ్ కింద అడ్డుపడుతుంది. కొలతలన్నీ అది ఉండగానే తీయాలి. ఆన్ చేసేటప్పుడు ముందు కంప్యూటర్, చివర ఆంప్. ఆపేటప్పుడు తలకిందులు.

కరెంటు పోతే రాసేది మధ్యలో ఆగి మెమరీ కార్డు పాడవడం ఈ బోర్డుల పాత జబ్బు. సెట్టింగులన్నీ కుదిరాక ఓవర్‌లే ఫైల్ సిస్టం ఆన్ చేస్తే కార్డు మీద రాత ఉండదు, ప్లగ్ పీకినా భయం లేదు. 4.63 వోల్టుల కిందికి దిగితే బోర్డు హెచ్చరిస్తుంది. ఫోను చార్జర్లతో, సన్న కేబుళ్లతో జరిగేది ఇదే.

మైకు సెట్టు వాళ్లకు ఒక హెచ్చరిక. 1,024 శాంపిళ్ల విడతలతో నడిపితే ఒక్కో విడతకే 21 మిల్లీసెకండ్లు, మొత్తం 40 నుంచి 60 దాకా ఆలస్యం వస్తుంది. పాట వాయించుకోవడానికి ఇబ్బంది లేదు. హరికథ చెప్పే ఆయన ముందు పెడితే మాత్రం తన గొంతు తనకే వెనకనుంచి వినిపించి తడబడతాడు. విడతను 64కు దించవచ్చు కానీ రాత్రంతా తడబడకుండా నడుస్తుందన్న నమ్మకం తక్కువ. బతికున్న గొంతుకు రెండు మిల్లీసెకండ్లలోపు పని ముగించే డీఎస్పీ ప్రాసెసరే మేలు.

మన హాళ్లలో ఏ ఫిల్టరూ చేయలేని పని ఇంకొకటి ఉంది. కింద కడప బండో తాడిపత్రి బండో బేతంచెర్ల బండో పరిచి, గోడలకు సున్నం కొట్టి, పైన స్లాబు వేసిన కల్యాణమండపంలో చప్పట్లు కొడితే ఆ చప్పుడు చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. గ్రాఫులో 250 హెర్ట్జ్ దగ్గర గుట్ట కనిపించిందని ఫిల్టర్‌తో కోస్తే మోత తగ్గుతుంది, సాగుడు అలాగే ఉంటుంది. గుంట కనిపించిందని 6 డెసిబెళ్లు పెంచితే ఆంప్ నాలుగింతల శక్తి పెట్టాలి, గుంట మాత్రం పూడదు. పెంచినంత మేరా మొత్తం స్థాయిని దించకపోతే అంకెలే చిట్లుతాయి. ముందు వెనక గోడకు షామియానా పరదాలు రెండు మడతలుగా, గోడకు జానెడు ఎడంగా కట్టించి, ఆ తర్వాత మళ్లీ కొలవండి.