షిన్‌చాన్ సినిమాలు: అపోహలు - వాస్తవాలు

హంగామా టీవీలో తెలుగు మాటలతో షిన్‌చాన్‌ను చూస్తూ పెరిగినవారు నా స్టోరీబోర్డు (సినిమా దృశ్యాలను ముందుగా బొమ్మలుగా గీసుకునే పద్ధతి) తరగతిలో చాలామందే ఉంటారు. ఆ పాత్రతో తీసిన సినిమాల గురించి వారి నోట తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: నాలుగైదు టీవీ ఎపిసోడ్లను కలిపితే సినిమా అవుతుంది.

వాస్తవం: యోషితో ఉసుయి 1990లో మొదలుపెట్టిన షిన్‌చాన్ మంగా (జపాన్ బొమ్మల కథ) కొద్ది పేజీల్లో ముగిసే హాస్య ఘట్టాల వరుస, టీవీ కథల కొలతా అంతే. 1993 నుంచి ఏటా వస్తున్న సినిమాలకు మాత్రం దాదాపు గంటన్నర నిడివి నిలబడే కథ విడిగా అల్లవలసి ఉంటుంది. కెయిచి హారా దర్శకత్వంలో 2001లో వచ్చిన చిత్రంలో పెద్దలు తమ బాల్యపు రోజుల మీది మోహంలో పడి పిల్లలనే మరచిపోతారు. షిన్‌చాన్ తండ్రి హిరోషికి తెలివి తెప్పించేది అతని సొంత బూటు కంపు. టీవీలో ఏళ్ల తరబడి నవ్వించిన ఆ కంపు, ఇక్కడ మాటలు లేని దృశ్యమాలికకు తలుపు తీస్తుంది: తన తండ్రి సైకిలు మీద వెనక కూర్చున్న చిన్ననాటి హిరోషి పెరిగి, పట్నం చేరి, ఉద్యోగంలో అలసి, పెళ్లాడి, తానే తండ్రి అవుతాడు. దీన్ని నేను సంగీతం కూడా ఆపేసి చూపిస్తాను, అయినా తరగతికి అంతా అర్థమవుతుంది. పాత జోకు మీద ఇంత బరువు మోపడం కొత్త జోకు రాయడం కన్నా కష్టమని నా అభిప్రాయం.

అపోహ: హాస్య పాత్రల కథలో మరణానికి చోటు లేదు.

వాస్తవం: 2002 నాటి చిత్రంలో యుద్ధం ముగిసిందనుకున్న క్షణంలో సమురాయ్ (పాతకాలపు జపాన్ యోధుడు) మతాబెయి తుపాకి గుండుకు చనిపోతాడు, ఏ మాయా అతణ్ణి తిరిగి లేపదు. ఆ చిత్రానికి జపాన్ మీడియా ఆర్ట్స్ ఫెస్టివల్‌లో యానిమేషన్ విభాగపు అత్యున్నత బహుమతి దక్కింది.

షిన్‌చాన్ కథ మొదటినుంచీ పిల్లల కోసమే పుట్టిందన్నది కూడా నిజం కాదు, మంగా వెలువడింది పెద్దలు చదివే వారపత్రికలో. ఉసుయి 2009లో మరణించాక సినిమాలు ఆగలేదు. 2025 చిత్రం కథ ఏకంగా భారతదేశంలోనే నడుస్తుంది.

అపోహ: గీతలు తక్కువ కనుక పని తేలిక.

వాస్తవం: నీడలూ వివరాలూ లేని బొమ్మలో తప్పును దాచుకునే చోటు ఉండదు. ఒకవైపు ఉబ్బినట్టు గీసే షిన్‌చాన్ బుగ్గ కాగితం మీద చెల్లే అబద్ధం. తల తిప్పితే ఆ ఆకారం నిలవదు. 2023లో పూర్తిగా త్రీడీలో తీసినవారికి ఆ బుగ్గకు లోతు కూడా కల్పించక తప్పలేదు.