చేప కన్ను తెల్లబడితే ముందు చూడాల్సింది నీళ్లు

అక్వేరియంలో చేప కన్ను మసకబారినా, ఉబ్బి బయటికి వచ్చినా చాలామంది వెంటనే ఏదో ఒక మందు సీసా తెచ్చి ట్యాంకులో పోసేస్తారు. ఆ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. రోజూ చూసుకునే ప్రాణి, నొప్పి అని నోరు తెరిచి చెప్పలేదు. కానీ కారణం తెలియకుండా పోసిన మందు చాలాసార్లు దానికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

మనం పెంచుకునే చేపలకు మనలా మూసి తెరిచే రెప్పలుండవు, కన్నీళ్లూ రావు. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, దాని మీద ఉండే పల్చటి జిగురు తప్ప కంటికీ నీళ్లకీ మధ్య అడ్డేమీ లేదు. నీళ్లు పాడైతే ఆ దెబ్బ మొప్పలకూ కళ్లకూ నేరుగా తగులుతుంది. మొప్పలు మూతల కింద ఉంటాయి కాబట్టి మనకు కనబడవు. కన్ను కనబడుతుంది.

నీళ్లు పాడవడమంటే మురికిగా కనిపించడం కాదు. అద్దంలా ఉన్న నీళ్లలోనూ అమ్మోనియా ఉండొచ్చు. చేపలు దాన్ని ముఖ్యంగా మొప్పల ద్వారా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఫిల్టర్‌లో కాపురముండే మంచి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోపే చేపల్ని నింపేస్తే అమ్మోనియా పేరుకుపోతుంది. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార గుణాన్ని చెప్పే కొలత, ఒక అంకె పెరిగితే అమ్మోనియాలోని విషపూరిత భాగం దాదాపు 10 రెట్లవుతుంది. టెస్ట్ కిట్‌తో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. కొంచెమే కదా అని వదిలేయడానికి లేదు.

ఇక కన్ను సంగతి. గదిలో లైట్లు తగ్గించి, పక్కనుంచి టార్చి వేసి నిదానంగా చూడండి. తెల్లదనం కంటి పైపొర మీద పొగమంచులా పరుచుకుని ఉందా, లేక లోపల పాప మధ్యలో గుండ్రటి ముత్యంలా ఉందా? పైన ఉంటే గీరుకుపోవడమో, నీళ్ల దోషమో, బ్యాక్టీరియానో కావచ్చు. లోపల ఉంటే అది శుక్లం. నీళ్లలో వేసే మందు దాన్ని కరిగించలేదు. ఆరుబయట చెరువుల్లో పెరిగిన చేపలకైతే డిప్లోస్టోమమ్ అనే పరాన్నజీవి పిల్లలు కంటి కటకంలో చేరడం వల్ల కూడా శుక్లం వస్తుంది. దాని జీవితచక్రం పూర్తవ్వాలంటే నీటి నత్తలూ, చేపల్ని తినే పక్షులూ కావాలి. అందుకే ఇంట్లో ట్యాంకులో అది ఒక చేప నుంచి ఇంకోదానికి పాకదు.

ఉబ్బిన కన్ను విషయంలో ఒక కన్నా, రెండు కళ్లా అన్నది చాలా ముఖ్యం. ఒక్కటే ఉబ్బితే చాలావరకు అది దెబ్బ: రాయికి కొట్టుకుని ఉంటుంది, లేదా తోటి చేప పొడిచి ఉంటుంది. రెండూ ఉబ్బితే గొడవ కంటిది కాకపోవచ్చు, ఒళ్లంతటిదీ కావచ్చు. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్లకన్నా ఎక్కువ. దాంతో నీరు మొప్పల గుండా ఎప్పుడూ లోపలికి చొరబడుతూనే ఉంటుంది, మూత్రపిండాలు దాన్ని తోడి బయట పోస్తూ ఉంటాయి. ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా మూత్రపిండాల్ని దెబ్బతీస్తే నీరు ఒంట్లోనే, కంటి వెనకా నిలిచిపోతుంది. పొలుసులు కూడా నిక్కబొడుచుకున్నాయంటే పరిస్థితి విషమించినట్టే. టెలిస్కోప్ గోల్డ్ ఫిష్‌కు పుట్టుకతోనే కళ్లు అలా ఉంటాయి, దానికి వైద్యం అక్కర్లేదు.

చికిత్స నీళ్లు మార్చడంతో మొదలుపెట్టండి. పావు వంతు నుంచి మూడో వంతు వరకు తీసి, క్లోరిన్ పోగొట్టిన, అదే వేడి ఉన్న నీళ్లు పోయండి. ఫిల్టర్ స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దు, అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. గీరుకుపోయిన పైపొర చాలాసార్లు శుభ్రమైన నీళ్లతోనే మానుతుంది. వాపు ఉంటే చేపను విడి ట్యాంకులోకి మార్చి, 20 లీటర్లకు ఒక టీస్పూను చొప్పున ఎప్సమ్ సాల్ట్‌ను (మెగ్నీషియం సల్ఫేట్, వంట ఉప్పు కాదు) వేరే గిన్నెలో కరిగించి పోయొచ్చు. ఇది లోపలి నీటిని బయటికి లాగడానికి తోడ్పడుతుంది. అది ఆవిరైపోదు కాబట్టి ఎంత నీరు మారిస్తే అంత నీటికే మళ్లీ కలపాలి.

యాంటీబయాటిక్ అవసరం నిజంగానే వస్తుంది: కంట్లో చీము, రక్తం కనిపించినా, మేత మానేసినా, రోజురోజుకీ ముదురుతున్నా. అప్పుడు చేపలు తెలిసిన పశువైద్యుణ్ని అడిగి, విడి ట్యాంకులోనే, ఫిల్టర్‌లోని కార్బన్ తీసేసి వాడాలి. కార్బన్ ఉంటే మందును అదే పీల్చేస్తుంది. నాలుగు రోజులకే బాగుందని ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా మొండిదవుతుంది. మైకోబ్యాక్టీరియం మారినమ్ అనే చేపల బ్యాక్టీరియా మన చేతి గాయాల్లోంచి కూడా ఒంట్లోకి వస్తుంది. చేతికి గాయముంటే గ్లోవ్స్ లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి.

కొన్నిసార్లు ఇన్ని చేసినా కన్ను పోతుంది. ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ నీటి కదలికల్ని పసిగడుతుంది, వాసన సరేసరి. అందుకే ఒంటికన్ను చేపలు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. తోటి చేపలు ఆ గాయాన్ని పొడవకుండా పూర్తిగా మానేదాకా విడిగా ఉంచి, ట్యాంకులో మొనదేలిన రాళ్లు తీసేసి, మేత ఎప్పుడూ కన్ను బాగున్న వైపే వేస్తే చాలు.